టైటస్ గట్టు మీద నక్షత్రం

బుధవారం పొద్దున అబిగయీలు రొయ్యల గుంట దగ్గరికి వెళ్లేసరికి గట్టు నిండా కొంగలు.

స్కూటీకి స్టాండు కూడా వేయలేదు. అలాగే కింద పడేసి పరిగెత్తింది. రొయ్య బాగుంటే నీటి అడుగున ఉంటుంది, కొంగకు అందదు. కొంగలు బారులు తీరాయంటే రొయ్యలు చావడానికి అంచుకు వస్తున్నాయని అర్థం. మోకాలి లోతు నీళ్లలోకి దిగి ఒకదాన్ని పట్టుకుంది. అది ఎగరలేదు, తోక కొట్టలేదు, అరచేతిలో మెత్తగా పడి ఉంది. తల మీది పెంకు ఒలిచి వెలుతురుకు పట్టి చూసింది.

సున్నం చిలకరించినట్టు తెల్లటి చుక్కలు.

తెల్లమచ్చ. దానికి మందు లేదు. గుంటకు గుంట ఊడ్చిపెట్టుకుపోతుంది.

నీళ్లలో నిలబడే ఆమె అన్నకు ఫోన్ చేసింది.

"అన్నా, నా గుంట పోయింది."

టైటస్ అన్నాడు: "ముందు తూము మూసెయ్యి. ఎర్రగుడ్డ కట్టు. నేనొస్తన్నా."

ఎర్రగుడ్డ నియమం పెట్టింది టైటసే. అల్లూరు నుంచి సముద్రం వైపు వెళ్తే వచ్చే ఈ ఊళ్లో, ఉప్పుటేరు నుంచి చీలిన చిన్న కాలవ మీద మూడే గుంటలున్నాయి. మొదటిది టైటస్‌ది, రెండోది అబిగయీలుది, చివరిది పెంచలకృష్ణది. ఒకరు వదిలిన నీళ్లే పోటుకు తిరిగొచ్చి ఇంకొకరి గుంటలోకి చేరతాయి. అందుకే ఎవరి రొయ్యకు రోగం వచ్చినా ఆ రోజే తూము మీద ఎర్రగుడ్డ ఎగరేయాలి, చుక్క నీరు బయటికి వదలకూడదు. గుడి బలిపీఠం ముందు నిలబడి, బైబిలు మీద చెయ్యి పెట్టి అందరి చేతా ఒట్టు వేయించాడు. సంఘంలో లేని పెంచలకృష్ణ కూడా వచ్చి, "నా దేవుడూ వింటా ఉంటాడులే, టైటసన్నా" అంటూ చెయ్యి పెట్టాడు.

భర్త పోయాక అబిగయీలును నిలబెట్టింది కూడా టైటసే. గట్టు పోయించాడు, మోటారు బిగించాడు, రొయ్యపిల్ల ఎప్పుడు వదలాలో, మేత ఎప్పుడు తగ్గించాలో పక్కనుండి నేర్పాడు. అందుకే అతను వచ్చి గట్టెక్కి, చచ్చిన రొయ్యల్ని చూసి కళ్లు తుడుచుకుంటే ఆమె అతని భుజం మీద తల పెట్టి ఏడ్చింది.

"ఎవురు వదిలినారన్నా ఈ నీళ్లు?"

టైటస్ కాలవ చివరి వైపు చూశాడు. పెంచలకృష్ణ గుంట అటే ఉంది.

*

సాయంత్రం గుడి వసారాలో మనుషులు కూడారు. టైటస్ కుర్చీలో, పక్కన ప్రసాద్ పాస్టరు గారు. పెంచలకృష్ణ మెట్టు మీద కూర్చున్నాడు. సముద్రం మీద వేట మానుకుని రొయ్యల్లోకి దిగిన మనిషి, నల్లగా, ఎప్పుడూ నవ్వుతూ ఉంటాడు. ప్రతి డిసెంబరులోనూ పిల్లలు ఇంటింటికీ పాటలు పాడుతూ తిరిగేటప్పుడు డోలు వాయించేది అతనే.

"పౌర్ణమి పోటుకు నేను నీళ్లు పట్టుకున్నా," అంది అబిగయీలు. "మా అన్న పట్టినాడు. నువ్వొక్కడివే పట్టలా. ఎందుకు పట్టలా?"

"నేను ఊళ్లో లేను గదక్కా."

"ఊళ్లో లేవా, నీళ్లలో ఏముందో తెలిసి పట్టలేదా? నీ గుంటలో రోగం నీళ్లు కొంత ఆటుకు వదిలేసి, మిగతా వాటిలో ఏదో చల్లి రొయ్యను నాలుగు రోజులు నిలబెట్టుకుంటన్నావు. వదిలింది నా కొంపలోకి వచ్చింది."

"అక్కా, నా మేత తొట్టిలో రొయ్యను వచ్చి చూడు. నిగనిగలాడతా ఉండాది."

"ఈ పొద్దు నిగనిగలాడతాది. రేపు?" అని వెనక నుంచి ఎవరో అన్నారు.

పెంచలకృష్ణ నవ్వు తగ్గింది. టైటస్ వైపు తిరిగాడు. "టైటసన్నా, నువ్వు చెప్పు. ఆ పౌర్ణమి ఆదివారం పొద్దున్నే డోలుకు కొత్త తోలు వేయించుకు రమ్మని నన్ను నెల్లూరు పంపింది నువ్వే గదా. బస్సు దిగేసరికి దీపాలు పెట్టినారు."

అందరూ టైటస్‌ను చూశారు.

టైటస్ గొంతు సవరించుకున్నాడు. "నేను పంపింది శనివారం, కృష్ణా."

పెంచలకృష్ణ చుట్టూ ఉన్న ముఖాలను ఒకసారి కలియజూసి, లేచి నిలబడ్డాడు.

"సంఘ పెద్దవు. నీ మాట ముందు నా మాటెంత," అని లుంగీ దులుపుకుని వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రమే అతని తూముకు గొలుసు వేసి తాళం బిగించారు. రోగం లేదని తేలేదాకా కాలవ నీళ్లు పట్టకూడదు, వదలకూడదు. తాళం చెవి టైటస్ చొక్కా జేబులోకి వెళ్లింది.

తాళం వేస్తున్నప్పుడు పెంచలకృష్ణ ఒక్క మాటే అడిగాడు. "నా గుంటలో నీళ్లు ఇప్పటికే పచ్చబడినాయి. తెల్లారుజామున రొయ్య పైకొచ్చి నోళ్లు తెరస్తా ఉండాది. ఆదివారం అమావాస్య పోటు. అది తప్పితే మళ్లా ఈ తూము దాకా నీళ్లు ఎక్కేది పౌర్ణమికే. అప్పటికి నాకేం మిగలదు. ఆ ఒక్క పోటుకు తియ్యండి."

"నా గుంటలో ఏం మిగిలింది?" అంది అబిగయీలు.

*

శనివారం సాయంత్రానికి ఆమె పని అయిపోయింది. చచ్చినవాటిని గోతిలో పూడ్చి సున్నం చల్లింది. గుంట నీళ్లు బయటికి వదలకుండా బ్లీచింగ్ కలిపి అలాగే నిలబెట్టింది. ఇక నీళ్లలో గాలి కలిపే చక్రాలతో పనిలేదు. మోటారు ఆపింది. ఇన్ని నెలలుగా చెవిలో గిర్రున తిరిగిన చప్పుడు ఒక్కసారిగా ఆగిపోయేసరికి ఒళ్లు తూలినట్టైంది.

ఆమె తల్లి మగ్దలీనమ్మ టిఫిను క్యారియరు పట్టుకుని గట్టు మీదికి వచ్చింది.

"నక్షత్రం కూడా ఆపినావేంది మే? పండగ ముందు ఎవురైనా ఆపుకుంటారా?"

అబిగయీలు తలెత్తి చూసింది. క్రిస్మస్‌కని వెదురు గడ చివర కట్టిన కాగితపు నక్షత్రం చీకటిగా వేలాడుతోంది.

"నేనేం ఆపలేదుమ్మా. గట్టు మీద వేరే లైను యాడుండాది? మోటారు లైనుకే గదా కట్టినాం. మోటారు ఆగితే అదీ ఆగిపోతాది."

"అట్టనా," అంది తల్లి తాపీగా క్యారియరు విప్పుతూ. "అయితే మీ అన్నది కూడా అందుకే ఆరినట్టుంది. బల్బు మార్చరా అని వాడికి చెప్తానే ఉండా."

అబిగయీలు చెయ్యి ఆగింది.

రెండు గుంటల మధ్య సరుగుడు తోపు. టైటస్ గుంటలో నీళ్లు ఇటు కనపడవు. చెట్ల పైనుంచి అతని వెదురు గడ చివర మాత్రమే కనిపిస్తుంది. అక్కడ నక్షత్రం నల్లగా ఉంది. అంతకుముందు ఎప్పుడైనా చూపు పడినా పట్టించుకోలేదు; బుధవారం నుంచి ఏడుపు మధ్య, బ్లీచింగ్ మధ్య ఆమె అటు చూడనే లేదు.

"ఎప్పటినుంచి ఆరిందిమ్మా అది?"

"గుళ్లో రెండో కొవ్వొత్తి వెలిగించినారే, ఆ పౌర్ణమి ఆదివారం నుంచి. నాకెందుకు గుర్తుందంటే ఆరాధన నుంచి వచ్చేటప్పుడు చూసినా. ఆ పొద్దు పాటలు కూడా చప్పగా ఉన్నాయి. డోలు లేక చప్పట్లతోనే లాగించినారు గదా."

డోలు లేదు.

గుళ్లో ఆ ఆదివారం డోలు లేదు. అది నెల్లూరులో ఉంది, పెంచలకృష్ణ దగ్గర.

"నువ్వు తిను మే, చల్లారిపోతాది," అంటోంది తల్లి. అబిగయీలు అప్పటికే తోపులోకి నడుస్తోంది.

రెండు వారాలుగా టైటస్ ఎవర్నీ గట్టెక్కనివ్వడం లేదు. "రోగాల కాలం, ఒకరి కాళ్ల మట్టి ఇంకొకరి గుంటకు అంటకూడదు" అన్నాడు. సబబుగానే ఉందనుకున్నారందరూ. అబిగయీలు చెప్పులు వదిలి గట్టెక్కింది. గుంట నిండా నీళ్లున్నాయి. చక్రాలు నిశ్చలంగా ఉన్నాయి, వాటి రెక్కల మీద సాలెపురుగు గూడు అల్లింది. మేత తొట్టి తాడు పట్టుకుని పైకి లాగింది. నాచు తప్ప ఏమీ లేదు.

"అబీ."

టైటస్ షెడ్డు దగ్గర నిలబడి ఉన్నాడు. రేపటి ఆరాధనకు ఇస్త్రీ చేయించిన తెల్ల చొక్కా హ్యాంగరుతో సహా చేతిలో ఉంది.

"ఎప్పుడు పట్టించినావన్నా రొయ్యను?" ఆమె గొంతు ఆమెకే కొత్తగా ఉంది. "మేమందరం గుళ్లో రెండో కొవ్వొత్తి చుట్టూ నిలబడి పాడతా ఉన్నప్పుడా?"

అతను ఒప్పుకోడానికి ఎక్కువసేపు తీసుకోలేదు. గబగబా చెప్పాడు. ఆ ఆదివారానికి రెండు రోజుల ముందు, శుక్రవారం మొదటి మచ్చ చూశాడు. ఎర్రగుడ్డ ఎగిరితే రొయ్య కొనే ఏ ఏజెంటూ గడప తొక్కడు. వాకాడు అవతల నుంచి మనుషుల్ని పిలిపించి, ఊరంతా గుళ్లో ఉన్నప్పుడు గుంట ఖాళీ చేయించాడు. సంఘంలో లేని పెంచలకృష్ణ గుంటల దగ్గరే ఉండి చూడకుండా అతన్ని నెల్లూరు పంపాడు. నీళ్లు ఆటుకు సముద్రంలోకి పోతాయనుకున్నాడు.

"ఆ మధ్యాహ్నం పోటుకు నేను తూము తీస్తానని నీకు తెలుసు."

"చెప్దామనే అనుకున్నా. గుడి బయట నీ పక్కనే నిలబడి ఉన్నా గదా..."

"నిలబడి ఏం చెప్పినావు? 'నీళ్లు బాగుండాయి, పట్టుకో' అని చెప్పినావు!"

అతను తల దించుకున్నాడు. "పట్టొద్దంటే ఎందుకని అడుగుతావు."

అబిగయీలు గడ్డి మీద కూర్చుండిపోయింది. గుంట పోయినందుకు బుధవారం ఏడుపొచ్చింది. ఇప్పుడు రాలేదు. ఆ పొద్దున తను తల పెట్టి ఏడ్చిన భుజం మీదికే పదేపదే చూపు పోతోంది.

"తాళం చెవి ఇయ్యి," అంది చివరికి. "రేపు పోటుకు కృష్ణ తూము తియ్యాల."

"తీస్తే ఎందుకు తీసినావని అడుగుతారు. పండగ అయిపోనీ అబీ. పండగ అయినాక నేనే పాస్టరు గారికి చెప్తా."

"పండగ దాకా ఆ రొయ్య బతకదు."

"వాడు మనోడు కాదు గదా," అన్నాడు టైటస్. అన్నాక ఆ మాట తనకే వినపడినట్టు నోరు మూసుకున్నాడు. తర్వాత నెమ్మదిగా, "రేపు నాలుగో కొవ్వొత్తి నువ్వే వెలిగించాల. ప్రేమ కొవ్వొత్తి. మన ఇంటి పేరు చదువుతారు. అమ్మ ముందు వరసలో కూర్చోనుంటాది. ఆలోచించుకో," అన్నాడు.

*

ఆ గుళ్లో ఆగమన కాలానికి ఒక పద్ధతి ఉంది. బలిపీఠం ముందు సరుగుడు కొమ్మలు గుండ్రంగా చుట్టి నాలుగు కొవ్వొత్తులు నిలబెడతారు. నిరీక్షణ, సమాధానం, సంతోషం, ప్రేమ. క్రీస్తు పుట్టిన పండక్కి ముందు వచ్చే నాలుగు ఆదివారాలు, వారానికొకటి చొప్పున ఒక్కో ఇంటివాళ్లు వెలిగిస్తారు. వెలిగించే ముందు పాస్టరు గారు అందరి ముందూ అడుగుతారు: "ఎవరితోనైనా విరోధం ఉందా?" వాళ్లు "లేదయ్యా" అంటారు. ఉంటే ముందు వెళ్లి దాన్ని తీర్చుకుని రావాలి, అంతవరకూ సంఘం కాచుకుని ఉండాలి. అగ్గిపెట్టె కూడా అప్పుడే చేతికిస్తారు. గుడి కట్టినప్పటి నుంచి "ఉంది" అన్నవాళ్లు లేరు.

ఆదివారం గుడి నిండిపోయింది. టైటస్ ఇస్త్రీ చొక్కాలో ముందు బెంచీలో కూర్చున్నాడు. జేబులో తాళం చెవి ఆకారం పైకే కనపడుతోంది. కిటికీలోంచి కాలవ కనిపిస్తోంది. నీళ్లు అప్పుడే వెనక్కి మళ్లి ఊరి వైపు పాకుతున్నాయి.

మూడు కొవ్వొత్తులు వెలిగాయి. అబిగయీలు పేరు చదివారు.

"అబిగయీలమ్మా, నీకెవరితోనైనా విరోధం ఉందా?"

రాత్రంతా ప్రార్థనలో ఆమె దేవుణ్ణి అడిగింది ఒక్కటే: నోరు మూసుకునే శక్తి ఇయ్యి, లేకపోతే తెరిచే శక్తి ఇయ్యి. మధ్యలో వదిలెయ్యకు.

"ఉండాదయ్యా," అంది.

పాస్టరు గారు అగ్గిపెట్టె చాచిన చెయ్యి గాల్లోనే ఆగింది.

"పెంచలకృష్ణతో. చెయ్యని తప్పు అందరి ముందూ అతని మీద వేసినా. నా మాట పట్టుకునే తాళం వేసినారు. పోటు మొదలైపోయింది. నేను పోయి తియ్యాల."

వసారా దాకా గుసగుసలు పాకాయి. టైటస్ లేచాడు. పెద్దమనిషి గొంతుతో, "ఆరాధన అయినాక మాట్లాడదాం, కూర్చో అబీ," అన్నాడు.

"అన్నా, తాళం చెవి ఇయ్యి."

"కూర్చోమన్నానా?"

ఆమె అతని ముందుకు వెళ్లి నిలబడింది. అందరిలో అతని గుట్టు విప్పాలని ఆమె రాలేదు. తాళం చెవి ఇచ్చి ఉంటే అక్కడితో ఆగేదే. అతను ఇవ్వలేదు. కిటికీ అవతల నీళ్లు ఎక్కుతున్నాయి.

"నీ గట్టు మీద నక్షత్రం ఎన్నాళ్ల నుంచి వెలగట్లేదన్నా?"

"బల్బు పోయిందేమోమ్మా," అన్నాడు వెనక నుంచి ఒక ముసలాయన, సాయం చేయబోతున్నట్టు.

ఎవరూ నవ్వలేదు. ఆ గుళ్లో కూర్చున్నవాళ్లలో సగం మంది ఈ కాలవ మీదో, ఉప్పుటేరు పొడుగునో రొయ్యల గుంటల మీద బతికేవాళ్లే. అందరి నక్షత్రాలూ మోటారు లైన్ల మీదే వేలాడుతున్నాయి. గుంటలో ప్రాణం ఉండగా మోటారు ఆపే మనిషి ఈ తీరంలోనే లేడు. ఒక్కొక్క తల కిటికీ వైపు, సరుగుడు తోపు మీది నల్లటి నక్షత్రం వైపు తిరిగింది. తర్వాత టైటస్ వైపు.

మగ్దలీనమ్మ కూర్చున్నచోటే కొంగు నోట్లో కుక్కుకుంది.

టైటస్ జేబులో చెయ్యి పెట్టాడు. తాళం చెవి చెల్లెలి చేతికి ఇవ్వలేకపోయాడు. బెంచీ మీద పెట్టాడు. అది తీసుకుని అబిగయీలు చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తింది.

*

పెంచలకృష్ణ గడ్డపార ఒళ్లో పెట్టుకుని తూము మీద కూర్చుని ఉన్నాడు. నీళ్లు తూము పలకను తాకుతున్నాయి.

"ఇంకొంచెం చూసి పగలగొడదామనుకుంటన్నా," అన్నాడు ఆమె వైపు చూడకుండా. "కేసు పెట్టుకుంటారో, ఊరి నుంచి తరుముతారో మీ ఇష్టం."

ఆమె నీళ్లలోకి దిగి తాళం తీసింది. గొలుసు జారి నీళ్లలో పడింది. ఇద్దరూ కలిసి పలక పైకెత్తారు. కాలవ నీళ్లు నురగలు కక్కుతూ గుంటలోకి దూకాయి.

"తప్పైపోయింది కృష్ణా. నువ్వు ఆదివారమే నెల్లూరు పోయినావు. మా అన్న అబద్ధం చెప్పినాడు. నేను ఆ అబద్ధం నమ్మి నిన్ను..."

"నాకు తెలీదా?" అతను ఆమె మాట తుంచేశాడు. "ఆ పొద్దే తెలుసు. ఆయన అబద్ధం చెప్పినందుకు నాకేం కాలేదక్కా. ఆయన అవసరం ఆయనది. నువ్వు నమ్మినావు చూడు, అది. ప్రతి పండక్కీ నీ చేతి కేకు తిన్నోణ్ణి."

పలక ఎత్తడానికి దిగిన చోటే ఆమె నిలబడి, గుంటలోకి పోతున్న నీళ్ల వైపు చూసింది. కొంతసేపటికి గుంట మధ్యలో ఒక రొయ్య పైకెగిరి మళ్లీ మునిగింది. ఇంకొకటి ఎగిరింది.

"నువ్వు నీళ్లలోనే నిలబడి ఉండావు. పైకి రా," అన్నాడు పెంచలకృష్ణ. "గుళ్లో వాళ్లు పాట ఆపలేదే?"

గాలికి పాట వినపడుతోంది. ఒకే పాట, మళ్లీ మళ్లీ.

"నా కోసం కాచుకుని ఉండారు. నువ్వు కూడా రావాల. నేను తీర్చుకున్నానని నువ్వు చెప్పాల."

"ఇంకా తీరలా," అన్నాడతను. కానీ లేచి గడ్డపార గట్టున పడేశాడు. "ఆ తాళం తప్పి పాడతా ఉంటే వినలేక చస్తన్నా. పద."

*

ఇద్దరూ తడిసిన కాళ్లతో గుళ్లోకి వచ్చేసరికి పిల్లలు సగం మంది నిద్రపోయి ఉన్నారు. పెద్దవాళ్లు ఒక్కరూ కదల్లేదు. టైటస్ ముందు బెంచీలోనే ఉన్నాడు, తల వంచుకుని. అతని పక్కన కూర్చున్నవాళ్లు మాత్రం వేరే బెంచీలోకి జరిగారు.

పాస్టరు గారు మళ్లీ అడిగారు. "అబిగయీలమ్మా, ఇంకెవరితోనైనా విరోధం ఉందా?"

ఆమె కొవ్వొత్తి వైపు చూసింది. వెలిగించేస్తే అయిపోతుంది. అందరూ ఇళ్లకు పోతారు, అన్నం తింటారు.

"ఇంకొకరితో ఉండాదయ్యా. అది ఈ పొద్దు తీరేది కాదు."

పాస్టరు గారు తల ఊపి అగ్గిపెట్టె బలిపీఠం మీద పెట్టేశారు. "అయితే ఇది ఇట్టానే ఉంటుంది. పండగ ఆరాధనకు ఇంకా టైముంది. రావాల్సినవాడు మన కొవ్వొత్తులు చూసుకుని రాడమ్మా. ఆయన ఎట్టాగైనా వస్తాడు."

ఎవరికీ ఏం చేయాలో తెలియలేదు. అప్పుడు పెంచలకృష్ణ మూలనున్న డోలు తీసి మెడకు తగిలించుకున్నాడు. కొత్త తోలును వేళ్లతో ఒకసారి మీటి చూశాడు. "ఈ తోలు కోసం నెల్లూరంతా తిరిగినా. ఊరికే పోనిస్తానా," అని వాయించడం మొదలుపెట్టాడు.

గుడి ఉలిక్కిపడి లేచింది. పిల్లలు లేచారు. మగ్దలీనమ్మ చప్పట్లు అందుకుంది, చెంపల మీద తడి తుడుచుకోకుండానే. వెలగని కొవ్వొత్తి ముందు నిలబడి అబిగయీలు పాడింది. గుంట లేదు, అన్న లేడు. అయినా ఈ గదిలోకి ఎవరో వచ్చి తన పక్కన నిలబడ్డట్టు, తను ఏమీ దాచాల్సిన పనిలేనట్టు అనిపించింది. అప్పుడొచ్చింది ఏడుపు.

పాట అయ్యాక చూస్తే టైటస్ బెంచీ ఖాళీగా ఉంది.

*

సోమవారం పొద్దున సముద్రం గాలి గట్టిగా వీస్తోంది. అబిగయీలు పెంచలకృష్ణ ఇంటికి వెళ్లి వస్తూ, తోపు దాటగానే ఆగిపోయింది.

టైటస్ తన తూము మీద ఒంటరిగా నిలబడి ఉన్నాడు. చేతిలో కర్ర, ఎర్రగుడ్డ. రెండు వారాలు ఆలస్యంగా, పట్టపగలు, రోడ్డు మీద పోయే ప్రతి ఒక్కరూ చూసేలా ఎర్రగుడ్డ కట్టడానికి తంటాలు పడుతున్నాడు. కర్ర పట్టుకుంటే గుడ్డ ఎగిరిపోతోంది. గుడ్డ పట్టుకుంటే కర్ర ఒరిగిపోతోంది. బండి మీద పోతున్న ఇద్దరు ఆగి చూసి, ఏదో అనుకుని వెళ్లిపోయారు. అతను తలెత్తలేదు.

ఆమె కూడా వెళ్లిపోదామనుకుంది. రెండడుగులు వేసింది కూడా.

తర్వాత వెనక్కి తిరిగి గట్టెక్కి, కర్రను రెండు చేతులతో పట్టుకుంది.

టైటస్ ఆమె ముఖంలోకి చూశాడు. "అబీ, నేను..."

"ముందు గట్టిగా కట్టు," అంది. "నాతో తర్వాత చెప్దువుగాని. కృష్ణ ఇంట్లోనే ఉండాడు. నేనిప్పుడే అట్నుంచి వస్తన్నా."

అతను ముడి వేశాడు. గాలికి గుడ్డ ఒక్కసారిగా తెరుచుకుంది. టైటస్ చెప్పులేసుకుని కాలవ గట్టు వెంట, చివరి గుంట పక్కనున్న పెంచలకృష్ణ ఇంటి వైపు నడవడం మొదలుపెట్టాడు. అతను తోపు మలుపు తిరిగేదాకా ఆమె కర్ర వదల్లేదు.